అరకు లోయలో వరి మడుల మధ్య ఒక రోజు సైకిలు: ఏ నెల, ఏ దారి?

బీచ్‌రోడ్డు_బండి
అందరికీ నమస్కారం. విశాఖలో పొద్దున్నే పాతిక ముప్పై కిలోమీటర్లు తొక్కే అలవాటుంది. ఘాట్లు ఎక్కే రకం కాదు. ఒక్క రోజు అరకు లోయలో వరి పొలాల మధ్య నిదానంగా తొక్కాలని కోరిక. మా తమ్ముడూ వస్తానంటున్నాడు. ఇద్దరివీ హైబ్రిడ్ సైకిళ్ళు, 35 ఎం.ఎం. టైర్లు.

నేను అనుకున్నది ఇదీ: కిరండూల్ రైల్లో సైకిళ్ళు వేసుకుని పొద్దున బయల్దేరడం, అరకులో దిగి పాడేరు దాకా తొక్కడం, సాయంత్రం బస్సో జీపో పట్టుకుని ఇంటికి రావడం. డిసెంబరు ఆఖర్లో సెలవులు దొరుకుతాయి. పచ్చటి చేలు చూడాలి, అదే ముఖ్యం. కుదురుతుందా?

గాలికొండ_గేరు
రైలెక్కి అరకు చూశానంటే సైకిలు ఊరుకుంటుందా అండీ? శృంగవరపుకోట నుంచి తొక్కండి. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. అనంతగిరి కాఫీ తోటల నీడలో ఎక్కుతుంటే ఎండే తెలియదు. గాలికొండ దగ్గర రోడ్డు 1,000 మీటర్లు దాటుతుంది, అక్కణ్ణుంచి సుంకరమెట్ట మీదుగా అరకులోకి దిగుడే. లోయ అందం ఎక్కి వచ్చినవాడికే తెలుస్తుంది.

పంక్చరుపంతులు
గేరు గారూ, ఆయన ఘాట్లు ఎక్కనని మొదటి పేరాలోనే చెప్పారు కదా. మీరు ఎవరడిగినా గాలికొండే చెబుతారు.

బండి గారూ, మీ ప్లానులో ఇబ్బంది దారి కాదు, గడియారం. ఆ రైలు పొద్దున్నే బయల్దేరినా అరకు చేరేసరికి పొద్దెక్కిపోతుంది. సైకిళ్ళు దించుకుని, గాలి చూసుకుని, టీ తాగి రోడ్డెక్కేసరికి పదకొండు దాటుతుంది. చలికాలంలో ఐదున్నరకే పొద్దుగూకుతుంది, కొండల మధ్య వెలుతురు ఇంకా ముందే పోతుంది. అరకు నుంచి పాడేరు సుమారు 45 కి.మీ., ఎక్కుడు దిగుడు రోడ్డు. తొక్కగలరు కానీ పొలం వైపు తల తిప్పే తీరిక ఉండదు. ఆపైన చీకట్లో రెండు సైకిళ్ళు పెట్టుకుని జీపు వాడితో బేరం.

ఇక రైల్లో సైకిలంటే లగేజీగా బుక్ చేసి బ్రేకు వ్యానులో వేయాలి. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముందు రోజే కనుక్కోండి. చోటు లేకపోతే మీరు ఒక రైల్లో, సైకిలు ఇంకో రైల్లో. వానాకాలంలో ఆ లైను మీద కొండచరియలు విరిగి రైళ్ళు ఆగిపోవడం మామూలే. దానికన్నా కారు వెనక ర్యాకు కట్టుకుని ముందు రోజు వెలుతురుండగా ఘాటు ఎక్కేయండి. రాత్రి అరకులో పడుకుంటే తెల్లారేసరికి సైకిలు మీద ఉంటారు.

చోడిచేను
మాది డుంబ్రిగుడ వైపు. దారి సంగతి తర్వాత, ముందు నెల సంగతి చెప్తాను. డిసెంబరు ఆఖర్న పచ్చటి వరి చేలంటే ఏటి కనిపిస్తాదండీ, కోసేసిన కొయ్యలు తప్ప! మా ఏజెన్సీలో వరి చాలా చోట్ల ఒక్క పంటే. గెడ్డ, అంటే కొండ వాగు, వారన ఉన్న పల్లం భూముల్లో మాత్రం, ఎక్కడైనా నీరు మిగిలితే, రెండో పంట ఏదో వేస్తారు.

ఆకుమళ్ళు జూన్‌లో పోస్తాం. నాట్లు జూలై, ఆగస్టు. అప్పుడు మడులన్నీ నీళ్ళతో అద్దాల్లా ఉంటాయి, కొండ తలకిందులుగా కనిపిస్తుంది. బాగుంటుంది కానీ వాన ఎప్పుడు దంచుతుందో తెలియదు. సెప్టెంబరు, అక్టోబరులో మీరు అడిగిన పచ్చదనం. అక్టోబరు ఆఖరు నుంచి రంగు తిరుగుతుంది. నవంబరు నడిమికి కోతలు. ఆలస్యంగా నాటిన మడులు పచ్చగానే ఉంటాయి, పక్క మడి పండిపోయి ఉంటుంది, దాని పక్కది కోసేసి ఉంటుంది. అన్నీ ఒకే చూపులో దొరికేది ఆ రెండు మూడు వారాలే. అన్నట్టు, ఆలస్యంగా నాటడం రైతుకు సరదా కాదు. వాన ఆలస్యమైతే నాటు ఆలస్యం, వెన్ను తీసేటప్పుడు చలి తగిలితే తాలు ఎక్కువ. ఫొటోలో ముచ్చటగా కనిపించే ఆ పచ్చ మడి ఎవరికో బెంగ.

మెట్టల మీద పసుపు పచ్చగా కనిపించేవి వలిసెలు, నూనె గింజల పంట. నవంబరు, డిసెంబరులో టూరిస్టులంతా వాటి కోసమే వస్తారు. ఇప్పుడు వలిసె చేలు మునుపున్నన్ని లేవు, బంగారుతీగ పట్టి తినేస్తోంది. ఆకు లేని పసుపు దారం లాంటి తీగ మొక్కల్ని చుట్టేసి కనిపిస్తే అదే అది.

ఫొటోరావు
ఇంకో మాట. అక్టోబరు అంటే తుపాన్ల నెల కూడా. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. అరకు, అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. వాతావరణ శాఖ అల్పపీడనం అని చెప్పిందంటే ఆ వారం మానుకోవడమే. నా ఓటు నవంబరు రెండో వారానికి.

మాడగడ కొండ మీద తెల్లవారుజామున మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి, అది వదలొద్దు.

బీచ్‌రోడ్డు_బండి
సరే, నవంబరుకే సెలవు పెడతాను. రాత్రి అరకులోనే మకాం. మరి దారి? పాడేరు దాకా వెళ్ళకపోతే ఎక్కడ తిరగాలి? పొలం గట్ల మీద సైకిలు పోతుందా? గట్టు మీద తొక్కుతున్న వీడియోలు చూస్తే భలేగా ఉంటున్నాయి.

చోడిచేను
గట్టు మీద వద్దండి. దండం పెట్టి చెప్తున్నాను.

మా మడులు మెట్లు మెట్లుగా దిగుతాయి. కొండ పైనుంచి గెడ్డ నీటిని చిన్న కాలవలోకి మళ్ళించి పై మడిలోకి వదులుతాం. గట్టులో జానెడు గండి ఉంటుంది, అందులోంచి కింది మడికి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి. ఒకే నీరు పదిమంది మడులు తడుపుతుంది. ఏటా దమ్ము అప్పుడు, అంటే నాట్లకి మడి బురద చేసేటప్పుడు, గట్టు చెక్కి, తడి మట్టి మెత్తి, చేత్తో నున్నగా రాస్తారు. చూడ్డానికి కాలిబాటలాగే ఉంటుంది. మనిషి నడిస్తే ఓర్చుకుంటుంది, టైరు ఒకే గీత మీద కోసుకుంటూ పోతే అక్కడ నీరు ఊట పడుతుంది. రాత్రికి గట్టు జారితే పై మడి ఎండిపోతుంది, కింది మడిలో మట్టి మేట వేస్తుంది. తెల్లారి గొడవ అన్నదమ్ముల మధ్యనే.

ఫొటోరావు
కోతల సమయానికి మడుల్లో నీరు తీసేస్తారు కదా. గట్లు గట్టిపడి ఉంటాయి. పశువులే తిరుగుతుంటాయి, రెండు సైకిళ్ళ వల్ల కొంపలేం మునగవు.

చోడిచేను
పశువులు మావి. విరిగితే మేమే మెత్తుకుంటాం. ఒకటి చూసి పది వస్తాయి రావు గారూ, వలిసె చేల దగ్గర అదే అయింది. ఫొటోకని లోపలికి దిగి తొక్కేస్తుంటే ఆపలేక కొందరు రైతులు రుసుం పెట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని కూడా దోపిడీ అంటున్నారు.

రెండుచక్రాల_రాణి
గట్టు గురించి చోడిచేను గారితో నేను. గూడేలకి పోయే సిమెంటు రోడ్లే పొలాలకి ఆనుకుని ఉంటాయి, ఇంక గట్టెందుకు?

దారి చెప్తాను. అరకు నుంచి డుంబ్రిగుడ మీదుగా చాపరాయి సుమారు 15 కి.మీ. అక్కణ్ణుంచి కించుమండ వైపు సాగండి. ఓపిక ఉంటే హుకుంపేట, లేకపోతే ఎక్కడ విసుగనిపిస్తే అక్కడ వెనక్కి. వెళ్ళిన దారినే రావడం బోరని కొట్టిపారేయకండి. పాడేరు అరకుకి నైరుతి వైపు. పొద్దున వెళ్ళేటప్పుడు ఎండ ఎడమ పక్క నుంచి, కాస్త వెనకగా పడుతుంది, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచే. రెండు వేళల్లోనూ చేలు వెలుగులో కనిపిస్తాయి, కళ్ళు చికిలించుకోనక్కర్లేదు. వెళ్ళేటప్పుడు వీపు చూపించిన కొండలు వచ్చేటప్పుడు మొహం చూపిస్తాయి.

మెయిన్ రోడ్డు జాతీయ రహదారి 516ఈ. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయేది ఇదే. వెడల్పు చేశాక బళ్ళ వేగం పెరిగింది. అందుకే రహదారి మీద దూరం లాగించి, ఎడమకో కుడికో గూడెం రోడ్డు కనిపించినప్పుడల్లా దిగిపోవడం నా పద్ధతి. చాలా రోడ్లు ఒకటి రెండు కిలోమీటర్లలో ఏ గెడ్డ దగ్గరో ఆగిపోతాయి. ఆగిపోతేనే బాగుంటుంది, అక్కడే మంచి మడులుంటాయి.

ఆడవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: బాత్రూము అరకులోనే చూసుకుని బయల్దేరండి, తర్వాత చాపరాయి దగ్గర. ఫోను సిగ్నల్ కొండ మలుపు తిరిగితే పోతుంది, మ్యాపు ముందే దించి పెట్టుకోండి. సంత రోజైతే జీపులు, ఆటోలు జనంతో పొంగిపోతూ వస్తాయి, మలుపుల్లో ఎడమ అంచు వదలొద్దు. చాపరాయి దగ్గర నీళ్ళు జారే రాయి మీద పాచి ఉంటుంది. సైక్లింగ్ బూట్లతో దాని మీద అడుగు పెట్టకండి.

గాలికొండ_గేరు
చెక్‌పోస్టు సంగతి ఎవరూ చెప్పలేదే. గంజాయి రవాణా కోసం ఏజెన్సీ రోడ్ల మీద తనిఖీలుంటాయి. సైకిలైనా బ్యాగు తెరవమనవచ్చు. విసుక్కోకుండా చూపిస్తే రెండు నిమిషాల పని. దారిలో ఎవరైనా ‘ఈ చిన్న పొట్లం విశాఖలో మావాడికి ఇచ్చెయ్యి బాబూ’ అంటే మాత్రం గేరు మార్చి తొక్కడమే.

పంక్చరుపంతులు
తీసుకెళ్ళాల్సినవి: రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు, చైను లింకు, డీరైలర్ హ్యాంగర్ (వెనక గేరుని ఫ్రేముకి తగిలించే ముక్క) ఒకటి. అరకులో మామూలు సైకిలు బాగుచేసేవాళ్ళు దొరకొచ్చు, మీ గేరు సైకిలు హ్యాంగర్ దొరకదు. పొద్దున చలికి ఒక గాలి కోటు. డిసెంబరు, జనవరిలో అయితే తెల్లవారుజామున 10 డిగ్రీల లోపే ఉంటుంది, నవంబరులో అంత కాదు. మంచు తెరలు విడేదాకా వెనక లైటు వెలుగుతూనే ఉండాలి.

బొంగులో చికెన్ తిరిగొచ్చాక తినండి. మధ్యలో తిని ఎక్కుడు ఎక్కినవాళ్ళని చూశాను.

బీచ్‌రోడ్డు_బండి
ఇంకో సందేహం. రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారట కదా, అప్పుడేం చేయాలి? ఒకాయన నిస్సంకోచంగా తొక్కుకుంటూ పోండి, రైతులకి కావాల్సింది అదే అన్నాడు.

ఫొటోరావు
నిజమే. బళ్ళు ఎక్కి నలిగితే గింజ రాలుతుందని వాళ్ళే రోడ్డు మీద వేస్తారు.

చోడిచేను
సగం నిజం. చోళ్ళు (రాగులు), సామలు, ఉలవలు కంకులతో, కొమ్మలతో రోడ్డుకి అడ్డంగా మందంగా పరిచారంటే అది నూర్పిడి. బండి ఎక్కాలనే వేస్తారు. అది కూడా లారీ కోసం, బస్సు కోసం. సైకిలు ఎక్కితే గింజ రాలదు, మీరు రాలతారు. ఎండు కాడల కింద టైరుకి పట్టు ఉండదు.

ఒక అంచున పల్చగా, చుట్టూ రాళ్ళు పెట్టి పోసింది వేరు. అది నూర్చిన ధాన్యం, తేమ ఆరడానికి పోశారు. దాని మీద చక్రం ఎక్కిందంటే గింజ చిట్లుతుంది, మరకి ఇస్తే నూక ఎక్కువ వస్తుంది. రాళ్ళు కనిపించాయా, దూరంగా తప్పుకోండి. అవతలి నుంచి బండి వస్తుంటే దిగి నిలబడండి. రోడ్డు మీద పోయడం మంచిదని నేననను, రాత్రి పూట ఆ రాళ్ళకి మోటారు సైకిళ్ళు తగిలి పడుతున్నారు. కల్లాలకి చదును నేల ఎక్కడుందండీ మా దగ్గర? ఉన్న చదునంతా మడే.

రెండుచక్రాల_రాణి
ఎండు గడ్డి ఇంకో ప్రమాదం. మోపుల్లోంచి రాలిన పరకలు చైనుతో పాటు లోపలికి పోయి వెనక గేరుకి చుట్టుకుంటాయి. టకటక శబ్దం వచ్చిందంటే తొక్కడం ఆపేయండి, బలంగా తొక్కితే హ్యాంగర్ విరుగుతుంది.

బీచ్‌రోడ్డు_బండి
వెళ్ళొచ్చాం. నవంబరు మూడో వారం.

తెల్లారేసరికి రోడ్డెక్కాం. అరకు దాటగానే మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కన పొలం ఉందని వాసన వల్లే తెలిసింది: కోసిన వరి కొయ్యల వాసన, దానిలో కలిసిన తడి మట్టి. డుంబ్రిగుడ దగ్గర ఎండ పొడ వచ్చింది. మంచు లేచేటప్పుడు అంతా ఒకేసారి కాదు, ముందు మెట్ట మీది వలిసెలు, తర్వాత మెట్ల పై మడులు, ఆఖరున గెడ్డ. చోడిచేను గారు చెప్పినట్టే మూడు రంగులూ ఒకే వాలులో ఉన్నాయి. పచ్చగా మిగిలిన మడి చూసినప్పుడు ఆ చలి సంగతి గుర్తొచ్చి ఫొటో తీయబుద్ధి కాలేదు. మా తమ్ముడు తీశాడు.

చాపరాయి దాటాక ఎడమ పక్క ఒక గూడెం రోడ్డులో దిగాం. అక్కడ కళ్ళం. పేడతో అలికిన నేల, మధ్యలో పాతిన గుంజ, దానికి బంతి కట్టిన నాలుగు పశువులు పనల మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. తోలే కుర్రాడి చేతిలో కర్రతో పాటు ఒక పాత తట్ట కూడా ఉంది. ఎందుకా అనుకున్నాను. ఒక ఎద్దు తోక ఎత్తగానే పరిగెత్తి తట్ట కింద పట్టాడు, ఒక్క గింజ మీద పేడ పడలేదు. ఆ పక్కనే ఒక పెద్దావిడ చేట తల మీదికెత్తి తూర్పారబడుతోంది. గాలి ఆగితే తనూ ఆగుతుంది, ఆకు కదిలిందంటే చేట వాలుతుంది. తాలు నాలుగడుగుల దూరంలో పడుతుంటే గింజ కాళ్ళ దగ్గరే కుప్ప అవుతోంది. ఫొటో తీసుకోవచ్చా అని అడిగితే వద్దంది. మానేశాం. పనయ్యాక తనే పిలిచి అంబలి ఇచ్చింది.

రాణి గారు హెచ్చరించిన గడ్డి మా తమ్ముడి గేరుకి చుట్టుకుంది. శబ్దం రాగానే ఆగాడు కాబట్టి ఏమీ విరగలేదు. మేం చిన్న రెంచితో తంటాలు పడుతుంటే కోతలో ఉన్నాయన వచ్చి కొడవలి మొనతో ఒక్కో పరకా పైకి లాగి తెంపాడు. చక్రం తిప్పి చూసి, ఇన్ని పళ్ళు దేనికి బాబూ అని అడిగాడు. ఎక్కుడు కోసం అని చెప్తే, అయినా దిగి నడిపిస్తున్నారుగా అన్నాడు.

కించుమండ దాటి కొంత దూరం వెళ్ళి తిరిగొచ్చేశాం, హుకుంపేట దాకా పోలేదు. వచ్చేటప్పుడు ఎండ వెనకే ఉంది.

గాలికొండ_గేరు
దిగి నడిపించారా! ఆ రోడ్డు మీదే! మీరు ఏ గేర్లో ఉన్నారో చెప్పండి ముందు.

చోడిచేను
ఆ తట్ట సంగతి రాసినందుకు సంతోషం. నా చిన్నప్పుడు ఆ ఉద్యోగం నాదే. ఇప్పుడు రోడ్డు పక్క ఊళ్ళలో నూర్పిడికి యంత్రం వస్తోంది, గెడ్డ అవతలి గూడేల్లో ఇంకా బంతే.

కొత్తపెడలు
నేను ఈ థ్రెడ్ ఇప్పుడే చూశాను. నాట్లప్పుడు, జూలై ఆఖర్లో వెళ్ళాలని ఉంది. రిమ్ బ్రేకు సైకిలు. వెళ్ళొచ్చా, లేక నవంబరు దాకా ఆగాలా?

రెండుచక్రాల_రాణి
వెళ్ళండి, ఎవరూ ఉండరు. కానీ సగం రోజు వానలో తొక్కడానికి సిద్ధపడి వెళ్ళాలి. గూడెం రోడ్ల మీద ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు దమ్ము బురద మోసుకొస్తాయి, సిమెంటు మీద అది సబ్బులా జారుతుంది. గెడ్డ రోడ్డు మీదుగా పారుతుంటే నీరు మోకాలి కిందే కదా అని దాటకండి. పైన కొండ మీద వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. ఆగండి, లేదా వెనక్కి తిరగండి.

పంక్చరుపంతులు
రిమ్ బ్రేకుకి అసలు శత్రువు వాన కాదు, ఆ ఎర్ర మట్టి. నీళ్ళతో కలిసి రిమ్ముకి అంటుకుని ఉప్పుకాగితంలా రాస్తుంది, ప్యాడ్లు ఒక్క రోజులో సగమవుతాయి. కొత్త ప్యాడ్లు వేసుకుని వెళ్ళండి, ఇంకో జత జేబులో ఉంచుకోండి. దిగుడు మొదలవకముందే రెండు సార్లు మెల్లగా పట్టి రిమ్ము తుడుచుకోనివ్వండి, అప్పుడు గానీ పట్టు రాదు. గూడెం దగ్గర బోరింగు కనిపిస్తే ఒక బాటిలు నీళ్ళు రిమ్ముల మీద పోయండి. టైరు గాలి మామూలు కంటే కొంచెం తగ్గించండి. మడ్‌గార్డులు తప్పనిసరి, లేకపోతే వీపంతా దమ్ము చేసినట్టే.

కొత్తపెడలు
మడ్‌గార్డుకి నా ఫ్రేములో చోటు లేదు పంతులు గారూ. సీటుకి తగిలించేది సరిపోతుందా?

పంక్చరుపంతులు
వీపుకి సరిపోతుంది. వెనక వచ్చేవాడి మొహానికి సరిపోదు. మీరే వెనక తొక్కండి.